ఊదిన నిమిషం, నడిపిన నిమిషం

మందు గురించి తెలుగులో రెండు మాటలు ఎప్పుడూ జంటగా తిరుగుతాయి: ఎక్కడం, దిగడం. "ఇంకా ఎక్కలేదు", "ఇప్పుడిప్పుడే ఎక్కుతోంది", "తెల్లారేసరికి దిగిపోయింది" అంటుంటాం. శాస్త్రవేత్తలు గ్రాఫు గీసి చూపించేదీ దాదాపు ఇదే. తాగిన మద్యం రక్తంలోకి చేరుతున్నంతసేపూ గీత పైకి ఎక్కుతుంది, శిఖరానికి చేరాక నెమ్మదిగా దిగడం మొదలుపెడుతుంది. తాగి బండి నడిపిన కేసుల్లో చిక్కంతా ఇక్కడే ఉంది. మెషీన్ చూపించే అంకె ఊదిన నిమిషానిది. చట్టం అడిగేది స్టీరింగ్ పట్టుకున్న నిమిషం గురించి. ఈ రెండు నిమిషాల మధ్య గీత ఎక్కిందో దిగిందో తెలియనప్పుడు ఆ అంకె సగం కథే చెబుతుంది.

హైదరాబాద్‌లో శనివారం రాత్రి బారికేడ్ల దగ్గర బండి ఆపి అక్కడికక్కడే ఊదిస్తారు. తేడా కొద్ది నిమిషాలే. అమెరికాలో తంతు పొడవు. రోడ్డు పక్కన ఆపుతారు, మాట్లాడిస్తారు, గీత మీద నడిపిస్తారు, అరెస్టు చేసి స్టేషన్‌కి తీసుకెళ్తారు, అక్కడ పెద్ద మెషీన్‌లో ఊదిస్తారు. ఇదంతా అయ్యేసరికి గంట దాటడం మామూలే. రక్తం తీయడానికి వారంట్ కావాల్సి వస్తే ఇంకా ఆలస్యం. "నేను నడిపినప్పుడు పరిమితి లోపే ఉన్నాను, మీరు పరీక్ష చేసేసరికి పైకి పోయింది" అనే వాదన అక్కడి కోర్టుల్లో అంత గట్టిగా వినిపించడానికి కారణం ఈ ఆలస్యమే.

ఇది తప్పించుకునే ఎత్తుగడలా అనిపించవచ్చు. కొన్ని కేసుల్లో నిజంగా అంతే. కానీ దాని కింద ఉన్న శరీరశాస్త్రం మాత్రం గట్టిది.

మద్యం జీర్ణం కావాల్సిన పని లేదు. ఐదో వంతు దాకా కడుపు గోడల్లోంచే రక్తంలోకి ఇంకుతుంది, మిగతాది చిన్నపేగులో. చిన్నపేగులో ఇంకే వేగం చాలా ఎక్కువ. కడుపుకీ చిన్నపేగుకీ మధ్య ఒక కండరపు ద్వారం ఉంది. ఖాళీ కడుపైతే అది మందును తొందరగా కిందికి వదిలేస్తుంది, అరగంటలోనే గీత శిఖరానికి చేరవచ్చు. కడుపు నిండా బిర్యానీ ఉంటే ద్వారం మూసుకుని తిండిని కొంచెం కొంచెంగా వదులుతుంది. దాంతోపాటు మందూ ఆగి ఆగి దిగుతుంది. అప్పుడు శిఖరానికి చేరడానికి గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు కూడా పట్టవచ్చు. సోడా కలిపితే వేగం కాస్త పెరుగుతుంది. బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో శిఖరం త్వరగా వస్తుంది, ఎత్తుగానూ ఉంటుంది. ఒకే మనిషిలో సైతం ఈ వారం ఉన్నట్టు వచ్చే వారం ఉండదు.

దిగడం మాత్రం ఇంత చంచలంగా ఉండదు. కాలేయం తన వేగంతోనే పని చేస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు 10 నుంచి 25 మిల్లీగ్రాములు, మామూలుగా 15కి అటూ ఇటూ తగ్గిస్తుంది. కాఫీ తాగినా, నిమ్మరసం పిండుకున్నా, తలమీద చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం మారదు. స్వీడన్‌కు చెందిన ఎరిక్ విడ్‌మార్క్ 1932లో ఈ లెక్కలన్నిటినీ ఒక పుస్తకంగా వేశాడు. తాగిన మద్యం గ్రాములు, శరీరం బరువు, గడిచిన గంటలు చేతిలో ఉంటే రక్తంలో ఎంత ఉంటుందో అంచనా కట్టే ఆయన సూత్రాన్ని కోర్టులకు వచ్చే నిపుణులు ఇప్పటికీ వాడుతున్నారు. అయితే ఆ సూత్రం తిన్నగా పనిచేసేది మందు మొత్తం రక్తంలోకి చేరాకే. ఎక్కే దశలో అది చేతులెత్తేస్తుంది.

ఒక లెక్క వేసి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. 70 కిలోల మగమనిషి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పరిమితి 0.08 శాతం, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు. యూటా ఒక్కటే 2018 చివర్లో దాన్ని 50కి దించింది. మన మనిషిని రాత్రి 10:40కి కారు ఆపారు. స్టేషన్‌లో 11:30కి ఊదితే 90 వచ్చింది.

మొదటి కథ. అతను ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పది లోపు రెండు చిన్న బీర్లు నెమ్మదిగా తాగాడు. భోజనం చేశాడు. లేచేముందు స్నేహితుల బలవంతం మీద 10:20కి మూడు షాట్లు విస్కీ గబగబా వేశాడు. పదినిమిషాల్లో కారెక్కాడు. అక్కడి లెక్కలో ఒక బీరైనా ఒక షాటైనా సుమారు 14 గ్రాముల మద్యం. 10:40కి బీర్ల వల్ల రక్తంలో మిగిలింది 25, 30 మధ్య. విస్కీలో మూడో వంతు ఎక్కిందనుకుంటే ఇంకో 30. మొత్తం 60 దాటలేదు. మరో 50 నిమిషాల్లో మిగతా విస్కీ చాలావరకు ఎక్కి, 11:30కి 90 అయింది. నడిపినప్పుడు పరిమితి లోపే ఉన్నాడు.

రెండో కథ. అదే మనిషి తొమ్మిదికల్లా తాగడం ఆపేశాడు. 10:40కి తాగిందంతా ఎక్కేసి గీత దిగుతోంది. 11:30కి 90 అంటే, 50 నిమిషాల ముందు ఇంకో 12 ఎక్కువ ఉండాలి. అంటే కారు నడిపినప్పుడు 100 పైనే.

మెషీన్ మాత్రం రెండుసార్లూ 90 అనే చూపించింది. మొదటి మనిషి ఆ అంకె మీద నిర్దోషి, రెండో మనిషి అంకె చెప్పినదానికంటే ఎక్కువ దోషి. ఏ కథ నిజమో ఆ కాగితం ముక్క చెప్పలేదు. ఆఖరి గ్లాసు ఎప్పుడు ఖాళీ అయిందో తెలిస్తేనే తేలుతుంది.

పరీక్ష అంకె నుంచి వెనక్కి లెక్కకట్టి "నడిపినప్పుడు ఇంత ఉండాలి" అని చెప్పడం ప్రాసిక్యూషన్ నిపుణులకు అలవాటు. టెక్సాస్ అత్యున్నత క్రిమినల్ కోర్టు 2001లో మాటా కేసులో ఈ అలవాటుకు కళ్లెం వేసింది. ఆ కేసులో బండి ఆపిన రెండు గంటల తర్వాతే పరీక్ష జరిగింది. ఊదించింది ఒకే సమయంలో. నిందితుడు ఏం తిన్నాడో, ఎప్పుడు తాగాడో, బరువెంతో నిపుణుడి దగ్గర లేదు. అలాంటి వెనకలెక్కను నమ్మలేమని కోర్టు తేల్చింది. నడపడానికీ పరీక్షకూ మధ్య ఎంత సమయం గడిచింది, ఎన్ని పరీక్షలు చేశారు, వాటి మధ్య ఎంత ఎడం ఉంది, ఆ మనిషి గురించి నిపుణుడికి ఏం తెలుసు అన్నవి చూడాలని చెప్పింది. సరైన ప్రశ్నలు అవే. ఒక్క చుక్క మీదుగా ఎన్ని గీతలైనా గీయవచ్చు. రెండు చుక్కలుంటే గీత ఎటు పోతోందో కనబడుతుంది. 2011లో నెవాడా సుప్రీంకోర్టు కూడా ఆర్మ్‌స్ట్రాంగ్ కేసులో, ఒకే రక్త నమూనా మీద కట్టిన వెనకలెక్కను జ్యూరీ ముందు పెట్టడానికి ఒప్పుకోలేదు.

శాసనసభలు చూస్తూ ఊరుకోలేదు. ఈ సందు మూయడానికి చాలా రాష్ట్రాలు చట్టాన్నే మార్చేశాయి. కాలిఫోర్నియాలో నడిపిన మూడు గంటల్లోపు పరీక్షలో 0.08 వస్తే, నడిపినప్పుడూ అంతే ఉందని కోర్టు అనుకోవచ్చు. కాదని చూపించే అవకాశం నిందితుడికి ఉంటుంది. వాషింగ్టన్, అరిజోనా ఇంకో అడుగు ముందుకేశాయి. నడిపిన రెండు గంటల్లోపు రక్తంలో ఆ మోతాదు ఉండటమే నేరం అన్నాయి. అక్కడ "అప్పటికి ఇంకా ఎక్కలేదు" అన్నా పెద్దగా ఉపయోగం ఉండదు. బండి ఆగాక తాగానని రుజువు చేసుకుంటే అది వేరే సంగతి.

పెన్సిల్వేనియాలో కోర్టుకీ శాసనసభకీ మధ్య ఈ విషయంలో చాలాకాలం పెనుగులాట నడిచింది. పరిమితికి కాస్త పైన వచ్చిన అంకెను నడిపిన సమయానికి ముడిపెట్టి చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని 1992లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు జార్మన్ కేసులో చెప్పింది. శాసనసభ మూడు గంటల నిబంధన తెచ్చింది. 1996లో కోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమంది. ఆ చట్టం కింద, నడిపినప్పుడు పరిమితి లోపే ఉన్న మనిషి కూడా దోషి అయ్యే ప్రమాదం ఉందన్నది కోర్టు అభ్యంతరాల్లో ఒకటి. చివరికి 2003లో రెండు గంటల నిబంధనతో కొత్త చట్టం వచ్చింది. రోడ్డు మీద ప్రాణాలు కాపాడాలన్న తపన ఒకవైపు, చేయని నేరానికి శిక్ష పడకూడదన్న నియమం ఇంకోవైపు. రెండూ న్యాయమైనవే. రెండు గంటల గీత వాటి మధ్య కుదిరిన రాజీ. శాస్త్రం అలా గీయమని ఎక్కడా చెప్పలేదు.

ఈ వాదన నిలబడాలంటే కావాల్సింది టైములు. హోటల్ బిల్లు మీద ముద్రించిన సమయం, కార్డు గీకిన నిమిషం, పార్కింగ్ సీసీటీవీ, పక్కన కూర్చున్నవాళ్ల సాక్ష్యం, ఏం తిన్నాడో చెప్పే ఆర్డరు. రోడ్డు పక్కన చిన్న మెషీన్‌లో 70, స్టేషన్‌లో 90 వస్తే అదే అన్నిటికంటే బలమైన ఆధారం. గీత ఎక్కుతోందని పోలీసుల అంకెలే చెబుతున్నట్టు. ఇవేవీ లేకుండా "నాకింకా ఎక్కలేదు" అనే మాట ఒక్కటే మిగిలితే ఏ జ్యూరీ నమ్మదు.

దీనికో ఎదురుదెబ్బ కూడా ఉంది. అమెరికాలో సాధారణంగా రెండు అభియోగాలు పెడతారు. అంకె దాటినందుకు ఒకటి, మత్తులో నడిపినందుకు ఇంకొకటి. ఎక్కే దశ వాదన మొదటిదాన్నే తాకుతుంది. రెండోదానికి కారు ఎలా నడిచింది, మనిషి ఎలా నిలబడ్డాడు, పోలీసు కెమెరాలో మాట ఎలా ఉంది అన్నవి చాలు. పైగా 1919లోనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మెలన్‌బీ గమనించిన విషయం ఒకటుంది. రక్తంలో మోతాదు ఒకటే అయినా, దిగేటప్పటికంటే ఎక్కేటప్పుడు మనిషి ఎక్కువ తడబడతాడు. అంటే "గీత ఇంకా ఎక్కుతోంది" అని నిరూపించుకున్న నిందితుడు, తాను ఎక్కువ తడబడే దశలోనే ఉన్నానని ఒప్పుకున్నట్టు కూడా అవుతుంది. మూడు షాట్లు గబగబా వేసి, అవి ఎక్కేలోపు ఇల్లు చేరదామనుకున్నాడా అని ప్రాసిక్యూటర్ అడిగితే జ్యూరీ ముఖాలు ఎలా మారతాయో ఊహించడం కష్టం కాదు. కెమెరాలో మనిషి నిటారుగా నిలబడి తడబడకుండా జవాబులు చెబుతూ, అంకె మాత్రం పరిమితికి కాస్తే పైన ఉన్న కేసులకే ఈ వాదన అతుకుతుంది. 180 వచ్చినవాడికి ఇది పనికిరాదు.

మెషీన్ గురించి ఒక్క మాట. ఊపిరిలో ఉన్న మద్యాన్ని 2100తో హెచ్చవేసి రక్తంలో ఇంత ఉందని అది అంచనా వేస్తుంది. ఎక్కే దశలో ధమనుల్లోని రక్తంలో మద్యం సిరల్లో కంటే ఎక్కువ ఉంటుంది. ఊపిరితిత్తుల గాలి ధమనుల వైపు చూపిస్తుంది, సిరంజితో తీసేది సిరల రక్తం. కాబట్టి ఎక్కే దశలో ఊదితే వచ్చే అంకె అప్పుడే తీసిన రక్తం అంకె కంటే ఎక్కువ ఉండవచ్చు. నోట్లో మిగిలిన మందు సంగతి వేరు. ఆఖరి గుక్కకీ ఊదడానికీ మధ్య కనీసం 15 నిమిషాలు మనిషిని కనిపెట్టి ఉండాలని కాలిఫోర్నియా నిబంధన పెట్టింది అందుకే.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇక్కడ ఇంకో ముడి ఉంది. అయిదేళ్ల లోపు డ్రంక్ డ్రైవింగ్ అరెస్టు ఉంటే వీసా రద్దు చేయవచ్చని 2015లో అక్కడి విదేశాంగ శాఖ కాన్సులేట్లకు చెప్పింది. దోషి అని తేలక్కర్లేదు, అరెస్టే చాలు. గీత ఎక్కుతోందని కోర్టులో నెగ్గినా, రద్దయిన వీసా దానంతటదే తిరిగి రాదు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఇంటర్వ్యూ, మెడికల్ పరీక్షల టెన్షన్.

ఇక మన దగ్గర. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం పరిమితి 30 మిల్లీగ్రాములు. సెక్షన్ మాటలు "నడుపుతున్నప్పుడు" రక్తంలో ఉన్నదాని గురించే చెబుతాయి కాబట్టి సూత్రం ఇక్కడా అదే. కానీ 203వ సెక్షన్ అక్కడే లేదా దగ్గర్లోనే ఊదించమంటుంది. నిమిషాల తేడాలో గీత పెద్దగా కదలదు. దానికి తోడు 30 అనేది చాలా కింద ఉన్న గీత. 60 మిల్లీలీటర్ల పెగ్గు, మన విస్కీలో మామూలుగా ఉండే 42.8 శాతం లెక్కన, 20 గ్రాముల మద్యం. 70 కిలోల మనిషిలో అంతా ఎక్కితే 42 దాకా పోతుంది. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసా ఒక్కటి 50 దాటిస్తుంది. స్ట్రాంగ్ బీరైతే 80 కూడా దాటుతుంది. "ఒక్క బీరే కదా" అనేవాళ్లు ఒక్కసారి ఈ లెక్క చూడాలి. తక్కువ బరువున్నవాళ్లకూ ఆడవాళ్లకూ ఇంకా పైకి వెళ్తుంది.

బార్ బయట వినిపించే ఇంకో మాట, "అరగంట ఆగి వెళ్దాం, తగ్గిపోతుంది" అని. ఆఖరి పెగ్గు వేసి వెంటనే ఆగితే, ఆ అరగంటలో తగ్గేది ఏడెనిమిది మిల్లీగ్రాములు, ఎక్కేది 20, 30 కావచ్చు. ఆగినందుకు అంకె పెరుగుతుంది. పొద్దున్న సంగతీ అంతే. రాత్రి ఒంటిగంటకు 180 ఉన్న మనిషిలో, గంటకు 15 చొప్పున దిగినా ఉదయం ఎనిమిదికి 75 మిగులుతుంది. నిద్రపోయి లేచాడు, స్నానం చేశాడు, టిఫిన్ తిన్నాడు, బండి తీశాడు. మత్తు దిగిందనుకుంటున్నాడు, రక్తంలో ఇంకా పరిమితికి రెండున్నర రెట్లు ఉంది.

మన దగ్గర టైము లెక్క నిజంగా ముఖ్యమయ్యేది యాక్సిడెంట్ కేసుల్లో. గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చడం, నిందితుడు దొరకడం, రక్తం తీయడం అన్నిటికీ గంటలు పడుతుంది. 1999 జనవరిలో ఢిల్లీ లోధీ కాలనీలో ఆరుగురి ప్రాణాలు తీసిన బీఎండబ్ల్యూ కేసు అలాంటిదే. ప్రమాదం జరిగిన చాలా గంటల తర్వాత తీసిన రక్తంలో కూడా 115 మిల్లీగ్రాములు తేలింది. సమయం గడిచేకొద్దీ రక్తంలో మద్యం తగ్గుతుందన్నది అందరికీ తెలిసిందే, వెంటనే తీసి ఉంటే ఇంకా ఎక్కువే ఉండేది అని 2012 తీర్పులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. అక్కడ ఆ మాట సరైనదే. అన్ని గంటల తర్వాత గీత దిగుతూ ఉండక తప్పదు. కానీ ఆ వాక్యాన్నే తెచ్చి ప్రమాదం జరిగిన నలభై నిమిషాలకు తీసిన రక్తానికి అతికిస్తే తప్పవుతుంది. సమయంతో తగ్గుతుందన్నది శిఖరం దాటాకే నిజం.

అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగాలని, లేకపోతే వదిలేయాలని 202వ సెక్షన్ చెబుతోంది. ఆ గడువు మంచిదే. కానీ ఆ రెండు గంటల్లోనే గీత ఎక్కవచ్చు, శిఖరం చేరవచ్చు, దిగడం మొదలవ్వవచ్చు. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ప్రాణం పోయిన కేసుల్లో గంట ఎడంతో రెండుసార్లు రక్తం తీస్తే గీత ఎటు పోతోందో తేలిపోతుంది. నమూనా పాడవకుండా సోడియం ఫ్లోరైడ్ ఉన్న సీసాలో తీసి, సీలు మీద తేదీ ఒక్కటే కాకుండా గంటా నిమిషమూ రాసి, ప్రమాదం జరిగిన సమయాన్నీ ఆఖరిసారి ఎప్పుడు తాగాడో నిందితుడు చెప్పిన మాటనూ ఆసుపత్రి రిజిస్టర్‌లో పక్కపక్కనే నమోదు చేస్తే సరిపోతుంది. నిందితుడి లాయరుకైనా, చనిపోయినవాళ్ల కుటుంబానికైనా ఆ తర్వాత కోర్టులో పనికొచ్చేది ఆ రెండు సీసాలూ వాటి మీద రాసిన టైములే.